పాలమూరు నుంచి నల్లగొండ దాకా: శాకాహారం కోసం నడిచిన దారి

ఇంటికొచ్చి బట్టలు నానబెట్టి, పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. ఆలస్యమైతే మనుషుల ముఖాలు గుర్తుంటాయి కానీ వాళ్లన్న మాటలు మారిపోతాయి. ఈ యాత్రలో నాకు విలువైనవి ఆ మాటలే.

మాది షాద్‌నగర్. బట్టలు కుడతాను. మా ఆయన అక్క, అంటే మా వదినె, ధ్యాన కేంద్రానికి వెళ్తుంది. ఆమె వెంట నేనూ ఈ శాకాహార యాత్రకు బయల్దేరాను. యాత్రలో అన్ని రకాల మనుషులున్నారు. ధ్యానం చేసేవాళ్లు, గోశాలలో సేవ చేసేవాళ్లు, హైదరాబాద్ నుంచి వచ్చిన, పాలు కూడా ముట్టని వీగన్ పిల్లలు, రిటైరైన ఒక పశువుల డాక్టరు. ఎవరి ఖర్చు వాళ్లదే, వంట మాత్రం అందరికీ కలిపి. ఊళ్లలో నడవాలి, ఊరికీ ఊరికీ మధ్య డీసీఎం వ్యాన్లో వెళ్లాలి. చేతిలో అట్టలు, ముందు ఆటోకు కట్టిన మైకు, ఇద్దరు డప్పు తమ్ముళ్లు.

బయల్దేరేముందు డాక్టర్ సారు ఒక లెక్క చెప్పారు. 2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో మాంసాహారం తినేవాళ్లు అందరికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రం మన తెలంగాణే. నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా తింటారు. "అంటే మన ముందు నిలబడేవాళ్లంతా తినేవాళ్లే. వాళ్లను తప్పు చేసినోళ్లలాగా చూశామంటే ఇక్కడే ఇంటికి వెళ్లిపోవడం మంచిది" అన్నారు. ఆ మాట దారి పొడుగునా పనికొచ్చింది.

ఆదివారం, మహబూబ్‌నగర్

పొద్దున్నే పిల్లలమర్రి చూశాం. మూడెకరాల దాకా అల్లుకున్న మర్రి. ఏడువందల ఏళ్లదని చెప్తారు. అసలు మాను ఎక్కడుందో ఊడల మధ్య కనుక్కోలేం. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే లోపలికి జనాన్ని రానివ్వడం ఆపేశారు. చెదలు తొలిచేస్తున్నాయని తెలిసి, 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. బరువు మోయడానికి కొమ్మల కింద దిమ్మెలు కట్టారు. మనిషికి చేసినట్టే చేశారు.

హైదరాబాద్ పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది. "సార్, చెట్టును కాపాడటానికి చెదల్ని చంపారు కదా, అది హింస కాదా?" డాక్టర్ సారు తప్పించుకోలేదు. "హింసే. చేయక తప్పని హింస ఉంటుంది, రుచి కోసం చేసే హింస ఉంటుంది. రెండూ ఒకటే అనుకుంటే ఏ పనీ చేయలేం. మనం అడుగుతున్నది రెండోదాని గురించి" అన్నారు. ఆ అమ్మాయికి పూర్తిగా నచ్చలేదని ముఖం చూస్తే తెలిసింది. నాకు మాత్రం ఆ తేడా స్పష్టంగా కనిపించింది.

బస్టాండు దగ్గర టిఫిన్ చేసి క్లాక్ టవర్ వైపు నడిచాం. ఇడ్లీ ముప్పై, దోశ నలభై. పల్లీ చట్నీ ఎంత అడిగితే అంత వేశారు. ఆదివారం కాబట్టి చికెన్ షాపుల ముందు జనం ఉన్నారు. మమ్మల్ని చూసి కొందరు నవ్వారు, కొందరు ఫోన్లో వీడియో తీశారు. ఒక పెద్దమ్మ మా వదినె చేతిలో అట్ట మీద మేకపిల్ల బొమ్మ చూసి, "అయ్యో, దీని మొకం జూడు" అని దాని తల నిమిరినట్టు అట్టను నిమిరింది.

ఇరుకు సందులో మలుపు తిరగబోయి మైకు ఆటో ఇంకో సందులోకి పోయింది. మేమంతా దాని వెనకే పోయాం. సందు చివర మటన్ మార్కెట్. బయటికి దారి లేదు. మైకులో "జీవహింస మానుదాం" అని రికార్డు తిరుగుతూనే ఉంది, ఎదురుగా కత్తులు పట్టుకున్న మనుషులు. నాకు టెన్షన్‌తో కాళ్లు వణికాయి. డాక్టర్ సారు ముందు మైకు ఆపించారు. ఆటో వెనక్కి తిప్పే లోపు ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని, "ఏమన్నా, యాటలు ఎక్కడినుంచి వస్తయి?" అని అడిగారు.

ఆ అన్నకు నలభై అయిదేళ్లుంటాయి. మొదట మాట్లాడలేదు. తర్వాత, "కార్తీకమాసం గద సారూ, గిరాకీ ముందే లేదు. మీరు వచ్చి గిట్ల నిలవడితే ఉన్నోళ్లు గూడ పోతరు" అన్నాడు. కోపంగా కాదు, కష్టం చెప్పుకున్నట్టు అన్నాడు. తండ్రి ఇదే పని చేశాడట, తనూ చేస్తున్నాడు. "నా కొడుకు చెయ్యడు. ఫార్మసీ చదువుతున్నడు. చిన్నప్పుడు ఒకసారి చూసిండు, ఆ రోజుకెల్లి దుకాణం తట్టు రాడు."

ఆటో తిరిగింది. మేం లేవబోతుంటే ఆయన పక్క హోటల్‌కు కేకేసి అందరికీ చాయ్ చెప్పాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "దుకాణం కాడికి వచ్చినోళ్ల తాన పైసలు తీసుకుంటరా అక్కా" అన్నాడు. ఆయన కొడుకు గురించి మా వదినె సాయంత్రం దాకా మాట్లాడింది. ఆ పిల్లవాడికి ఎవరూ అట్ట చూపించలేదు, మైకులో చెప్పలేదు. చూశాడు, మానేశాడు.

కార్తీక సోమవారం, జడ్చర్ల

వదినెకు ఉపవాసం. రాత్రి చుక్కను చూశాకే తింటానంది. బాదేపల్లి మార్కెట్ యార్డు దగ్గర కరపత్రాలు పంచాం. పల్లీలు రాశులు పోసుకుని కూర్చున్న రైతులు తీరిగ్గా చదివారు. ఒకాయన కరపత్రంలో ప్రోటీన్ లెక్క చూసి ఆగాడు. వంద గ్రాముల పల్లీల్లో ఇరవై అయిదు గ్రాముల ప్రోటీన్, కందిపప్పులో ఇరవై రెండు. "నేనే పండిస్తున్న. రేటు రాకపోతే దీన్నే అమ్ముకొని కోడిని కొనుక్కపోతున్న" అన్నాడు. ఆ మాట డాక్టర్ సారు తన డైరీలో రాసుకున్నారు.

అక్కడి నుంచి ఒక కోళ్ల షెడ్డుకు వెళ్లాం. ముందే మాట్లాడి పెట్టుకున్నది కాదు. యార్డులో కలిసిన రైతు, "మా షెడ్డు గూడ చూసి పోండ్రి, అప్పుడు చెప్పుండ్రి" అని పిలిచాడు. లోపలికి వెళ్లేముందు కాళ్లు మందు నీళ్లలో ముంచాలి. లోపల వేల కోళ్లు, కళ్లు మండించే వాసన. కంపెనీ వాళ్లు పిల్లల్నిస్తారు, దాణా ఇస్తారు, మందులిస్తారు. పెంచినందుకు కిలోకు ఇంత అని రైతుకు కూలి. నలభై, నలభై అయిదు రోజుల్లో రెండు కిలోలు దాటాలి. మామూలుగా కోడి అయిదారేళ్లు బతుకుతుంది. ఇక్కడ నెలన్నరకు లారీ ఎక్కుతుంది. పెరిగే వేగానికి కాళ్లు శరీరాన్ని మోయలేక కొన్ని పడిపోయి ఉన్నాయి. రైతు వాటిని ఏరి బకెట్లో వేస్తున్నాడు.

"గుడ్లు పెట్టే కోళ్లయితే ఇంకా అన్యాలం. బోనుల ఉంటయి. ఒక్కోదానికి మనం రాసుకునే తెల్ల కాయితమంత జాగ గూడ ఉండది" అని ఆయనే చెప్పాడు. డాక్టర్ సారు అవునన్నారు.

మరి ఎందుకు చేస్తున్నావని మాలో ఒకరు అడిగారు. ఆ అన్న షెడ్డు వైపు చూపించాడు. "ఇది కట్టనీకి బ్యాంకు లోను తెచ్చిన. బోరు ఎండింది. కోళ్లు లేకుంటే బొంబాయికి పోవాలె, మా నాయిన పోయినట్టు." పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు, రోడ్లు, బిల్డింగులు కట్టడానికి బస్సులెక్కి వెళ్లిన జనం. ఆయన మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. శాకాహారం గురించి మాట్లాడేవాళ్లు పల్లీకి, కందికి, జొన్నకు గిట్టుబాటు ధర గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలని నాకు ఆ షెడ్డులో అనిపించింది. లేకపోతే మన మాట సగమే.

మధ్యాహ్నం ఆల్వాన్‌పల్లి. గొల్లత్తగుడి. ఇటుకలతో కట్టిన జైన గుడి, క్రీస్తుశకం ఏడో, ఎనిమిదో శతాబ్దం నాటిదని చెప్తారు. అంత పాత ఇటుక గుడి ఇంకా నిలబడి ఉండడమే గొప్ప. చుట్టూ పొలాలు, దగ్గర్లో మేకల మంద. మహావీరుడు చెప్పిన అహింస నమ్మినవాళ్లు మా ఊళ్ల పక్కనే ఉండేవాళ్లని నాకు ఇన్నేళ్లూ తెలియదు. అహింస ఎక్కడో గుజరాత్ వాళ్ల సంగతని అనుకునేవాళ్లకు ఈ గుడి చూపించాలి.

ఊళ్లో ఒక ఇంటి వాళ్లు అన్నం పెట్టారు. ఈ యాత్ర మొత్తంలో అంత మంచి భోజనం మళ్లీ తినలేదు. కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు, అప్పుడే ఒలిచిన అనపకాయ గింజల కూర, పల్లీల తొక్కు, పచ్చిపులుసు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కాల్చి పిసికారు. రొట్టె చేసే అమ్మ చేతులు ఆగకుండా తిరుగుతుంటే చుట్టూ కూర్చుని తిన్నాం. హైదరాబాద్ అబ్బాయి ఒకడు, "ఆంటీ, ఇందులో పాలు, నెయ్యి ఏమైనా వేశారా?" అని అడిగితే ఆమెకు అర్థం కాలేదు. "రొట్టెల నెయ్యి ఎక్కడిది బిడ్డా" అంది. ఆ అబ్బాయి ఆరు రొట్టెలు తిన్నాడు. ఆమెకు రోజూ తినే తిండి అదే. పండుగకో, చుట్టాలొస్తేనో యాట కోస్తారు. మా అమ్మమ్మ ఇంట్లోనూ ఇంతే. వారంలో నాలుగైదు సార్లు చికెన్ తినడం నా చిన్నప్పుడు లేదు. అందుకే మేం కొత్త తిండేమీ తెచ్చి ఇవ్వడం లేదని ఆ ఇంట్లో గట్టిగా అనిపించింది.

వదినె ఆ వాసనలన్నీ పీల్చుకుంటూ అరుగు మీద కూర్చుంది. ఆ అమ్మ నాలుగు రొట్టెలు, తొక్కు గుడ్డలో కట్టి, "చుక్క పొడిచినంక తిను తల్లీ" అని ఇచ్చింది.

మంగళవారం, కల్వకుర్తి

కడ్తాల్ నుంచి ఇంకో బృందం వచ్చి కలిసింది. కడ్తాల్‌లో మహేశ్వర మహాపిరమిడ్ ఉంది. సుభాష్ పత్రీజీ మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యాన ఉద్యమంలో పెద్ద కేంద్రం అది. ఆయన 2022 జులైలో చనిపోయారు. ధ్యానంతో పాటు శాకాహారాన్ని కూడా తెలుగు ఊళ్లలో వీధి వీధికీ తీసుకెళ్లింది ఎక్కువగా ఆ ఉద్యమమే. వాళ్లు ఒకరినొకరు మాస్టర్ అనే పిలుచుకుంటారు. పాన్ డబ్బా అన్న కూడా మాస్టరే, అయిదో తరగతి పిల్ల కూడా మాస్టరే. మొదట్లో వింతగా ఉండేది, సాయంత్రానికి నాకూ అలవాటైంది.

పోలీసులు మెయిన్ రోడ్డు మీద ఒక వరసలోనే నడవమన్నారు. ట్రాఫిక్ ఆగకూడదని వాళ్ల మాట. సరేనన్నాం. వరస పొడుగైంది కాబట్టి చూసేవాళ్లకు ఇంకా ఎక్కువమంది ఉన్నట్టు కనిపించాం.

ఒక కాలేజీ ముందు ఆగినప్పుడు జరిగిన మాటలు పూర్తిగా రాయాలి. బీఎస్సీ చదివే అమ్మాయి ఒకతి కరపత్రం తీసుకుని చదివి, తిరిగి మా వదినె చేతిలో పెట్టింది. "మా తాతలు చచ్చిన గొడ్డు కూర తిని బతికిండ్రు. వేరే తిండి దొరకనియ్యలేదు. ఇప్పుడు మంచిగ తింటుంటే మీరొచ్చి తినొద్దంటరు. మా తిండి మీదనే ఎందుకు మీ కండ్లన్నీ?" అంది. ఆమె గొంతు పెరిగింది. చుట్టూ పిల్లలు గుమిగూడారు.

మాలో ఒకాయన వెంటనే సాత్వికాహారం గురించి మొదలుపెట్టబోయాడు. వదినె చెయ్యి అడ్డం పెట్టింది. తను ఆ అమ్మాయితో, "నువ్వన్నది నిజమే బిడ్డా. తిండిని బట్టి మనిషిని ఎక్కువ తక్కువ చేసినోళ్లు మస్తు పాపం చేసిండ్రు. నేను ఆ మాట చెప్పనీకి రాలే. నాకు ఆ జీవి పానం మీదనే ప్రేమ. తినే మనిషి మీద నాకేం కోపం లేదు" అంది. ఆ అమ్మాయి కరపత్రం మళ్లీ తీసుకోలేదు. కానీ వెళ్లిపోలేదు. ఇంకో ప్రశ్న అడిగింది. "స్కూళ్ల పెట్టే గుడ్డు గూడ బంద్ చెయ్యమంటరా?"

దీని మీద మా యాత్రలోనే రెండు మాటలున్నాయి. కొందరు బడిలో గుడ్డు వద్దంటారు. నేను ఒప్పుకోను, అక్కడే ఆ పిల్లల ముందు చెప్పాను. మధ్యాహ్న భోజనంలో గుడ్డు చాలామంది పిల్లలకు వారంలో దొరికే బలమైన తిండి. అంతకంటే మంచిది, వాళ్లకు నచ్చేది పళ్లెంలో పెట్టే దాకా దాన్ని తీసేయమని అడిగే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. అడగాల్సింది దావత్‌లో మూడు రకాల మాంసం వండించి సగం పారబోసేవాళ్లను. డాక్టర్ సారు ఇంకొకటి చేర్చారు. పూర్తిగా మొక్కల తిండికి మారేవాళ్లు బీ12 విటమిన్ మాత్ర తప్పక వేసుకోవాలి, అది మొక్కల్లో దొరకదు. శాకాహారంలో అన్నీ ఉన్నాయని అబద్ధం చెప్పి ఎవరినీ మార్చొద్దన్నారు. మైకు ముందు ఆ మాట చెప్పిన శాకాహారిని నేను మొదటిసారి చూశాను.

సాయంత్రం చాయ్ దగ్గర మాలో మాకే వాదన. వీగన్ పిల్లలు పాలు లేని డికాక్షన్ తాగుతూ, "మీరు మాంసం మానేశారు, మరి పాల కోసం పుట్టిన మగ దూడ సంగతేంటి?" అని అడిగారు. గోశాల పెద్దాయనకు కోపమొచ్చింది. గోవును తల్లిలాగా చూసుకుంటున్నామన్నాడు. "ఆవు సరే తాతా, బర్రె దున్నపోతు?" అని ఆ అమ్మాయి అడిగితే ఆయన చాలాసేపు ఊరుకున్నాడు. మా ఇంటి పక్క పాడి పెట్టినవాళ్లు దున్నదూడకు పాలు విడవకుండా ఎండగట్టడం నేను చూశాను. ఆ పిల్లలు అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను పాలు ఇంకా మానలేదు, కానీ ఆలోచిస్తున్నాను. చాయ్ పది రూపాయలు, డికాక్షన్ కూడా పదే తీసుకున్నాడు.

బుధవారం, దేవరకొండ

ఈ వైపు తండాలు ఎక్కువ. ఒక తండాలో నాయక్ ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. ముందు నీళ్లు, తర్వాతే మాట. అద్దాల రవికె వేసుకున్న ఒక అవ్వ మా కరపత్రం తలకిందులుగా పట్టుకుని బొమ్మలు చూసింది. మేకలు ఆమె కొంగు పట్టుకుని లాగుతున్నాయి. ఒక్కోదాన్ని పేరు పెట్టి తిడుతోంది.

నాయక్ చెప్పింది నాకు కొత్త. "మా సేవాలాల్ మహారాజ్‌కు యాట కొయ్యం. భోగ్ చేస్తం. బెల్లం, నెయ్యి, పాయసం అగ్గిల వేస్తం. యాట మేరామ యాడికి." సేవాలాల్ లంబాడీల గురువు, మేరామ యాడి వాళ్ల అమ్మవారు. అంటే వాళ్ల పూజల్లోనే రక్తం లేనిది ఒకటుంది. మేం వచ్చి నేర్పాల్సింది లేదు. మరి మేరామకు కూడా మానొచ్చు కదా అని మావాళ్లు ఒకరు అడిగితే ఆయన నవ్వి, "పెద్దోళ్లు మానితే మేం మానుతం. పట్నంల బిర్యానీ హోటళ్లు బంద్ చేసినంక మా తండాకు రాండ్రి" అన్నాడు. ఎవరూ నొచ్చుకోలేదు. రొట్టె, పుంటికూర పప్పు పెట్టారు. పుంటికూర పుల్లగా, కారం గట్టిగా ఉంది. కండ్లల్ల నీళ్లొచ్చినా రెండోసారి వేయించుకున్నాను.

తండా నుంచి వస్తుంటే రోడ్డు పక్క ఒక డీసీఎం ఆగి ఉంది. టైరు పంక్చర్. లోపల మేకలు, గొర్రెలు, ఒకదాని మీద ఒకటి. కాళ్లు కట్టేసి ఉన్నాయి. ఎండ నెత్తిన ఉంది, నీళ్లు లేవు. ఒక గొర్రె కొమ్ము చువ్వల్లో ఇరుక్కుని మెడ మెలిపడిపోయింది. హైదరాబాద్ పిల్లలు డ్రైవర్ మీదికి వెళ్లబోయారు. డాక్టర్ సారు ఆపి, ముందు నీళ్లు తెమ్మన్నారు. పక్క బోరు నుంచి బిందెలతో తెచ్చి చువ్వల్లో నుంచే తాగించాం. కొమ్ము విడిపించడానికి డ్రైవరే జాకీ రాడ్ తెచ్చి చువ్వను వంచాడు. అతనికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. పొద్దున నుంచి తనూ ఏం తినలేదట. మా దగ్గరున్న రొట్టె ఇస్తే ఇంజిన్ పక్కన కూర్చుని తిన్నాడు.

జంతువుల రవాణాకు 1978 నుంచి రూల్స్ ఉన్నాయి. నీళ్లు, చోటు, గాలి ఉండాలి. జంతువులను హింసించకూడదని 1960 చట్టం ఉంది. మొదటిసారి తప్పు చేస్తే ఆ చట్టం వేసే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. డాక్టర్ సారు చెప్తే నేను నమ్మలేదు, మళ్లీ అడిగాను. పదే. నేను ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టినందుకు కూడా అంతకంటే ఎక్కువ తీసుకుంటాను. అరవై ఏళ్లు దాటినా జరిమానా ఆ యాభై దాటలేదంటే ఎవరికీ పట్టలేదనే కదా అర్థం. రాజ్యాంగంలో ప్రాణుల మీద దయ చూపడం పౌరుడి విధి అని రాసుకున్నాం, 51ఏ అధికరణలో. అది 1976లో చేర్చారు. దయను విధిగా రాసుకుని క్రూరత్వానికి పది రూపాయలు వేసే దేశంలో ఉన్నాం. ఈ విషయం మీద నాకు కోపం ఉంది, దాచుకోను.

ఊళ్లోకి వచ్చాక ఇంకో సంగతి. సంత దగ్గర ఒక ఎద్దు మెడ మీద కాడి రాసుకుని పుండైంది, ఈగలు ముసురుతున్నాయి. యజమాని ముసలాయన. కొట్టేవాడేం కాదు, మందుకు పైసల్లేవు. సంచార పశువైద్యశాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చని ఆయనకు తెలియదు. మేమే చేశాం. గంట దాటాక బండి వచ్చింది. పుండు కడిగి మందు రాసి, మానేదాకా కాడి కట్టొద్దన్నారు. పైసా తీసుకోలేదు. ఆ ముసలాయన నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి మా అట్టల వెనక 1962 అని పెద్దగా రాసుకుని నడిచాం. నినాదం కంటే ఆ నంబరే ఎక్కువమంది ఫోన్లలో ఎక్కించుకున్నారు.

దేవరకొండ ఖిల్లా ఎక్కే టైం దొరకలేదు. కింద నుంచే చూశాం.

గురువారం, నల్లగొండ

పొద్దున బత్తాయి తోటలో దిగాం. నల్లగొండ బత్తాయికి పెట్టింది పేరు. తోట మాలి ఒక్కొక్కరి చేతిలో రెండు కాయలు పెట్టాడు. తొక్క పచ్చగానే ఉంది, లోపల నిండా రసం. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశాం. మూడు గర్భగుడులు, ఒకదానిలో లింగం వెనక రోజంతా నీడ నిలబడే ఉంటుంది. పూజారి ఏ స్తంభం నీడో కనిపెట్టమన్నాడు. స్తంభాల చుట్టూ తిరిగాం, ఎవరికీ చేతకాలేదు.

ర్యాలీ గడియారం సెంటర్‌కు చేరేసరికి సాయంత్రమైంది. ఈ ఊళ్లో జనం ఆగి చదివారు, తర్వాతే మాట్లాడారు. ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన ఒక పెద్దాయన కర్ర పట్టుకుని కొంత దూరం మాతో నడిచాడు. ఎందుకు నడుస్తున్నావు తాతా అంటే, "మీరు మంచిమాట జెప్తున్నరు. నడిస్తే పైసలడుగుతరా?" అన్నాడు.

సభలో ఒక టీచరమ్మ మాట్లాడింది. అందరూ జంతువుల గురించే చెప్తుంటే ఆమె పోచంపల్లి గుర్తుచేసింది. 1951 ఏప్రిల్ 18న, అప్పటి ఈ జిల్లాలోనే, నడుచుకుంటూ వచ్చిన వినోబా భావేను భూమి లేని హరిజనులు ఎనభై ఎకరాలు అడిగారు. ఆయన ఊరివాళ్లను అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వందెకరాలు ఇస్తానన్నాడు. "సాయుధ పోరాటం నడుస్తున్న జిల్లా ఇది. అక్కడ ఆయన చేతిలో ఏమీ లేదు. అడిగాడు. మీరూ అడుగుతున్నారు. కానీ ఆయన ముందు విన్నాడు, తర్వాత అడిగాడు" అని కూర్చుంది. మటన్ దుకాణం అన్న, షెడ్డు అన్న, కల్వకుర్తి అమ్మాయి, నాయక్, అందరూ ఒకేసారి గుర్తొచ్చారు.

సభ అయ్యాక మైకు ఆటోకు, డీసీఎంకు, వంట సరుకులకు లెక్క చూశాం. మిగిలిన డబ్బుతో నీళ్ల తొట్లు కొని, ఎండాకాలం వచ్చేలోపు దారిలో ఆగిన ఊళ్లలో పెట్టాలని అనుకున్నాం. బడిలో గుడ్డు సంగతి మీద మాత్రం మాలో మాకు ఇంకా తేలలేదు, మళ్లీ కూర్చోవాలి.

సామాను ఎక్కిస్తుంటే ఫంక్షన్లకు వంట కాంట్రాక్టు చేసే ఒకాయన వదినె దగ్గరికి వచ్చాడు. బిడ్డ పెండ్లి ఉందట, మూడొందల మంది వస్తారు. "అమ్మా, ముక్క లేకుంటే చుట్టాలు అలుగుతరు. గని ఒక పూటన్న శాకాహారం పెట్టాలని మా బిడ్డ మొండికేసింది. గుత్తి వంకాయ, బగారన్నం కాక ఇంకేం పెడితే జనం తింటరు?" అని అడిగాడు. వదినె వ్యాన్ మెట్టు మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. అనప గింజల కూర, మక్క గారెలు, పచ్చిపులుసు, పల్లీల తొక్కు, చివర్లో సేమియా. అతను జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి దాని మీద రాసుకున్నాడు. అనపకాయలు పెండ్లి దాకా దొరకవేమోనని అనుమానపడ్డాడు. పెండ్లి మాఘంలో ఉంది. అప్పుడు బొబ్బెర గుడాలు పెట్టు అంది వదినె. ఇంకా ఏవేవో అడుగుతుంటే డ్రైవర్ హారన్ కొట్టాడు. ఫోన్ నంబర్లు మార్చుకున్నారు.

నిన్న రాత్రి అతను ఫోన్ చేశాడు. మూడొందల మందికి జొన్నరొట్టెలు ఎట్ల చేయించాలి, ఆల్వాన్‌పల్లిలో రొట్టెలు చేసిన అమ్మ వస్తుందా అని అడిగాడు. ఆమె నంబరు కోసం షెడ్డు అన్నకు చెప్పి పెట్టాం.